కాలవలు కట్టేసిన వేసవి

వీరన్న మేస్త్రి అతుకు వేస్తే అక్కడ అతుకుందని కనిపెట్టగల మొనగాడు అమలాపురంలో ఇంకా పుట్టలేదని పేరు. ఆ మాట ఆయన చెప్పుకున్నది కాదు, ఊరు అనుకున్నది. నలభై ఏళ్ళుగా తాపీ పట్టిన చెయ్యి. పాత గోడకూ కొత్త సిమెంటుకూ రంగులో తేడా రాకుండా అందులో ఏం కలుపుతాడో పక్కన పనిచేసేవాళ్ళకు కూడా చెప్పేవాడు కాదు. పని ఆరాక తనే వచ్చి వెతుక్కున్నా ఆ చోటు దొరికేది కాదట. అంత గొప్ప పనితనమే చివరికి ఆయన కొంప ముంచింది.

రెండువేల ఏడో సంవత్సరం దసరా పొద్దున్న వీరన్న కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది. ఆయన కళ్ళ ముందు ఒకటే కనిపిస్తోంది. మెయిన్ రోడ్డులో బంగారరాజుగారి కాంప్లెక్సు, నాలుగో అంతస్తు బాల్కనీ, దాని మీద నిండా జనం. ఆ జనం ఇంకా ఎక్కలేదు. సాయంత్రం ఎక్కుతారు. ఎక్కనివ్వకుండా ఆపాలి, ఎందుకు ఆపుతున్నాడో మాత్రం చెప్పకూడదు. పొద్దుటినుంచీ వీరన్న బుర్రలో నలుగుతున్న చిక్కు అదే.

బంగారరాజుగారిది కాట్రేనికోన. పద్నాలుగేళ్ళు మస్కట్‌లో క్రేను నడిపి, ఆ సంపాదనంతా తెచ్చి అమలాపురం నడిబొడ్డున పోశారు. కింద దుకాణాలు, పైన నాలుగంతస్తులు. హైదరాబాదు వాళ్ళు చూస్తే దీన్నా మేడంటారు అని నవ్వుతారేమో గానీ, కొబ్బరిచెట్టు కంటే ఎత్తయినది ఏదైనా మా ఊరి లెక్కలో ఆకాశమే. పైగా దాని ముందరి భాగం చూడటానికి రావులపాలెం నుంచి కూడా జనం వచ్చిన రోజులున్నాయి. నాలుగో అంతస్తు పొడవునా రోడ్డు మీదికి నాలుగడుగులు చొచ్చుకొచ్చిన బాల్కనీ, దాని అడుగున సిమెంటుతో చెక్కిన తామర రేకులు. ప్రతి రేకూ వీరన్న చేత్తో తీర్చింది. అక్కడినుంచి పోతూ తలెత్తి చూడకుండా ఏనాడూ ముందుకు కదల్లేదు వీరన్న. ఈ ఎనిమిది రోజులూ మాత్రం ఆ రోడ్డున పోవడమే మానేశాడు.

ఆ ఏడు ఇంకెక్కడో ఒక పాత మేడ బాల్కనీ కూలి రోడ్డున పోయేవాళ్ళు చచ్చిపోయారు. దాంతో మూడంతస్తులు దాటిన ప్రతి కట్టడానికీ ముందరి భాగం తనిఖీ చేయించాలని, లైసెన్సున్న ఇంజనీరు చేత గట్టిగానే ఉందని సర్టిఫికెట్టు తెచ్చి దాఖలు చేయాలని నోటీసులొచ్చాయి. తనిఖీకి ముందు కాస్త మెరుగులు దిద్దించుకుందామని బంగారరాజుగారు వీరన్నకు కబురు పెట్టారు. బాల్కనీ గచ్చు గోడతో కలిసేచోట ఒక సన్నటి పగులుంది. అడుగున రెండు రేకుల మీద ఎర్రటి చార దిగింది. చూసిన వెంటనే వీరన్న సంచీలోంచి సుత్తి తీశాడు.

పగులు మీద సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వచ్చింది. ఉలితో కాస్త పెకలించి చూశాడు. బాల్కనీకి ప్రాణం పైన వేసే చువ్వల్లో ఉంటుంది. అవి గోడలోంచి వచ్చి మొత్తం బరువును వెనక్కి లాగి పట్టుకుంటాయి. బొటనవేలంత ఉండాల్సిన చువ్వ చిటికెన వేలంత మిగిలింది. మిగతాదంతా పొరలు పొరలుగా చిలుము. గోటితో గీకితే రాలింది.

"ఏటండి మేస్త్రిగారూ, లోతుగా ఉందా" అని మెట్ల దగ్గర నించుని బంగారరాజుగారు అడిగారు.

"అబ్బే, ఏం లేదండి. పైపై పగులండి" అన్నాడు వీరన్న. ఆ మాట నోటినుంచి దానంతటదే జారింది. పూడ్చాడు, మెత్తాడు, పైన రంగు పూశాడు. రెండు రోజులాగి ఇంజనీరుగారు వచ్చారు. బాల్కనీ అంతా తిరిగారు, తట్టి చూశారు, అతుకు మీద నించునే చుట్టూ చూశారు. సర్టిఫికెట్టు ఇచ్చారు. వీరన్న పనితనానికి అంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఎవరిస్తారు.

ఆ చువ్వలు పదేళ్ళకే అలా ఎందుకైపోయాయో ప్రపంచం మొత్తం మీద వీరన్నకు ఒక్కడికే తెలుసు.

తొంభైయారు తుఫాను తర్వాత కోనసీమలో తాటాకిల్లు, పెంకుటిల్లు అన్న మాట వింటేనే జనానికి దడ. ఉన్నవాడూ లేనివాడూ స్లాబు, స్లాబు అని పట్టుకున్నారు. మరుసటి వేసవిలో మేస్త్రీలకు ఊపిరి తిరగలేదు. వీరన్న ఏకకాలంలో నాలుగు పనులు ఒప్పుకున్నాడు. ఏప్రిల్ నెలాఖరున ఎప్పటిలాగే నీళ్ళు వదలడం ఆపి కాలవలు కట్టేశారు. డెల్టాలో కాలవ కట్టేస్తే ఇళ్ళు కట్టేవాడి చేతులు కట్టేసినట్టే. మంచినీళ్ళ ట్యాంకర్లన్నీ పెళ్ళిళ్ళకే చాలటం లేదు. తెలివిగల మేస్త్రీలు నీళ్ళు వదిలేదాకా పని ఆపుకుని ఇంట్లో పడుకున్నారు. బంగారరాజుగారు మాత్రం నెలరోజుల సెలవు మీద వచ్చారు. మే ఇరవైన గృహప్రవేశం ముహూర్తం, ఇరవైనాలుగున విమానం. మాటిచ్చిన వీరన్న మాట తప్పడమంటే చచ్చిపోవడంతో సమానమనుకునే మనిషి. రొయ్యల చెరువుల దారిలో ఒక బోరుంది, ట్రాక్టరు ట్యాంకరు ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. ఆ నీళ్ళు పోసే బాల్కనీ వేశాడు, ఆ నీళ్ళతోనే పదిహేను రోజులు తడిపాడు.

పైడమ్మ అని నీళ్ళు మోసే మనిషి దాహమేసి దోసిట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఒట్టి ఉప్పండి మేస్త్రిగారూ. ఈ నీళ్ళేటండి సిమెంట్లో పోత్తన్నారు?" అంది.

"నువ్వు తాగక్కర్లేదులే, సిమెంటు తాగుద్ది" అన్నాడు వీరన్న. అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది.

బంగారరాజుగారు మాత్రం మస్కట్‌లో కట్టడాలు చూసిన మనిషి గనక, ముహూర్తం రోజున పట్టుబట్టి అడిగారు. "నీళ్ళు మంచివేనా అండి? అక్కడ నీళ్ళు టెస్టు చేయించకుండా చుక్క పొయ్యరు."

"ఆయ్, కాలవ నీళ్ళేనండి. కట్టేయకముందే తొట్లలో పట్టించి ఉంచేను" అన్నాడు వీరన్న. అది మొదటి అబద్ధం. దానికి పదేళ్ళు నిండాక పుట్టింది రెండోది.

పండగ వెళ్ళాక బంగారరాజుగారితో ఏదో ఒక వంక చెప్పి, తన ఖర్చుతో బాల్కనీ విరగ్గొట్టి మళ్ళీ వేసేద్దామని వీరన్న ఆలోచన. కానీ దసరా ముందు రోజు సంతలో బంగారరాజుగారి మనిషి కనిపించి, "రేపు మావాళ్ళందరూ కాట్రేనికోన నుంచి వ్యానేసుకుని వస్తన్నారండి, బాల్కనీ మీదే కుర్చీలేయిస్తన్నాం" అని చెప్పి పోయాడు. 

దసరా అంటే మా ఊళ్ళో ఇంట్లో పండగ కాదు, రోడ్డు మీద పండగ. వీధివీధినుంచీ అమ్మవారి ఊరేగింపు వాహనాలు బయల్దేరతాయి. వాటి ముందు చెడీ తాలింఖానా వాళ్ళు కర్రలూ కత్తులూ తిప్పుతూ నడుస్తారు. ఆ కత్తిసాము చూడటానికి పల్లెలు పల్లెలే కదిలొస్తాయి. ఆ ఒక్క రోజు మెయిన్ రోడ్డులో బాల్కనీ ఉన్నవాడికి చుట్టాలకు కొదవుండదు. పిట్టగోడల మీద, సన్‌షేడుల మీద, మెట్ల మీద, కాలు ఆనేచోటల్లా మనుషులే. బంగారరాజుగారి కాంప్లెక్సు ముందు వాహనం పది నిమిషాలాగుతుంది కూడా. పైనా జనమే, కిందా జనమే.

తొమ్మిది గంటలకు వీరన్న కాంప్లెక్సుకు వెళ్ళాడు. బంగారరాజుగారు కొత్త పంచె కట్టుకుని కింద దుకాణం ముందు మామిడాకులు కట్టిస్తున్నారు. గోడకు ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్టు పటం కట్టించి వేలాడదీశారు.

"రాజుగారూ, ఒక్క మాటండి. ఈ ఏడు బాల్కనీ మీదికి ఎవర్నీ ఎక్కించకండి" అన్నాడు వీరన్న.

"ఏవండి?"

"బరువెక్కువైపోద్దండి."

బంగారరాజుగారు నవ్వి పటం వైపు చూపించారు. "ప్రతి ఏడూ ఎక్కుతానే ఉన్నారు కదండీ. ఈ ఏడు కాగితం కూడా వచ్చింది. ఇంకేటి భయం?"

"చువ్వలు కాస్త చిలుం పట్టేయండి" అన్నాడు వీరన్న గొంతు తగ్గించి.

బంగారరాజుగారి మొహంలో నవ్వు పోయింది. "మొన్న పైపై పగులన్నారు మీరే. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

 అప్పుడు చెప్పిందే అబద్ధం అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ వెంటనే చిలుము ఎందుకు పట్టింది అన్న ప్రశ్న వస్తుంది. 

"పని కావాలంటే పండగెళ్ళేక అడగండి, ఇస్తాను. పండగపూట ఇలా భయపెట్టి అడక్కండి" అని బంగారరాజుగారు మళ్ళీ మామిడాకుల వైపు తిరిగిపోయారు. నలభై ఏళ్ళలో వీరన్నను ఒకరు అలా అనడం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది. అయినా ఆ మాట పడటమే నయమనిపించింది, అసలు మాట చెప్పడం కంటే.

అక్కడినుంచి గడియారస్తంభం దగ్గరకు నడిచాడు. మునిసిపాలిటీలో కట్టడాల తనిఖీ చూసే నతానియేలుగారు ఆ వేళ పండగ బందోబస్తు పనిమీద అక్కడే ఉన్నారు. పొడుగ్గా, సన్నగా, ఎండలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండే మనిషి. ఆయన చువ్వల గురించి వీరన్న చెప్పింది మొదటినుంచి చివరిదాకా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. అలా విన్నవాడు ఆ రోజుకు ఆయనొక్కడే.

"వీరన్నగారూ, మీ మాట నేను కొట్టెయ్యటం లేదండి. కానీ అక్కడ ఇంజనీరు సర్టిఫికెట్టుంది. దాన్ని కాదని నేను తాడు కట్టించి జనాన్ని ఆపాలంటే నా చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి. మీరేం చూసేరో, అదెందుకలా అయిందో రాసి సంతకం పెట్టండి. పావుగంటలో మూయించేస్తాను" అన్నారు.

"చూసింది రాస్తానండి. ఎందుకయిందో ఎందుకండీ?"

"పదేళ్ళ కట్టడం. చువ్వని చిలుము సగం తినేసిందంటే ఎవరు నమ్ముతారండీ, కారణం లేకపోతే? రేపు నన్ను అడిగితే నేనేం చెప్పాలి?"

తెల్ల కాగితం, పెన్ను చేతికిచ్చారు. వీరన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. తాపీ మేస్త్రి అని రాశాడు. ఆ మూడు మాటలు కాగితం మీద చూసుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాని కింద ఉప్పునీళ్ళు అని రాస్తే పై మూడూ చెరిగిపోతాయి. అంతేనా, ఆ ఎండాకాలం ట్యాంకరు ఈ ఒక్క పనికే తిరగలేదు. మిగతా మూడు పనులూ ఆయన మనసు తలుపు తట్టాయి. వీరన్న తలుపు తియ్యలేదు.

"ఇంటికెళ్ళి రాసుకొస్తానండి" అని లేచాడు.

నతానియేలుగారు పెన్ను కూడా ఉంచుకోమన్నారు. "నేను సాయంత్రందాకా ఇక్కడే ఉంటానండి" అన్నారు.

పిరికితనమంటే పారిపోవడం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ఇంటికెళ్ళి భోజనం ముందు కూర్చోవడంలా ఉంటుంది. వీరన్న అలాగే కూర్చున్నాడు.  పోనీలే, ఇన్నేళ్ళు ఆగింది ఈ ఒక్క పూట ఆగదా అని నచ్చజెప్పుకున్నాడు. ఆగుతుందని అనుకున్న ప్రతిసారీ గోటి కింద రాలిన చిలుము గుర్తొచ్చింది. మూడున్నరకు దూరంగా డప్పులు మొదలయ్యాయి. వీరన్న గబుక్కున లేచి, ఉలీ సుత్తీ సంచీలో వేసుకుని పరుగులాంటి నడకతో బయల్దేరాడు.

మెయిన్ రోడ్డు అప్పటికే నిండిపోయింది. కాంప్లెక్సు వెనక మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వచ్చేసరికి వీరన్నకు ఎగూపిరి వస్తోంది. బాల్కనీ మీద ముప్ఫై మందికి తక్కువ లేరు. కుర్చీల్లో ముసలివాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, పిట్టగోడకు ఆనుకుని మగవాళ్ళు. గచ్చు గోడతో కలిసేచోట, సరిగ్గా అతుకు మీద, బంగారరాజుగారి భార్య సుందరిగారు నించుని పళ్ళెంలో లడ్డూలు పంచుతున్నారు.

"అమ్మా, ఇలా జరగండి" అన్నాడు వీరన్న. ఆవిడ జరిగారు. వీరన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టి కొట్టాడు. సుత్తి దెబ్బ గట్టిగా వెయ్యడానికి భయం, మెల్లగా వేస్తే ఊడదు. తన అతుకు తనకే లొంగలేదు.

"ఏటిది మేస్త్రిగారూ, పండగపూట?" అన్నారు సుందరిగారు. జనం తిరిగి చూశారు. తాగేడేమోనని ఎవరో అన్నారు. ఎవరో కిందికి కబురు పంపారు. వీరన్న తలెత్తకుండా కొడుతున్నాడు. పెచ్చు ఊడింది. వేళ్ళు లోపల పెట్టి చువ్వ పట్టుకుని లాగితే జానెడు ముక్క చేతికొచ్చేసింది.

అప్పుడే బంగారరాజుగారు వచ్చి చొక్కా పట్టుకుని గదిలోకి లాగారు.  వీరన్న ఆ ముక్క ఆయన అరచేతిలో పెట్టాడు.

పద్నాలుగేళ్ళు ఇనుముతో బతికిన మనిషి. వేళ్ళ మధ్య పెట్టి నొక్కారు. అది పొడయింది. చొక్కా వదిలేశారు.

"దీన్ని నువ్వు మొన్నే చూసేవా?" అని అడిగారు. మీరు పోయి నువ్వు వచ్చింది. వీరన్న దానికి బాధపడలేదు.

"చూసేనండి."

"ఎలా అయింది?"

"ఉప్పునీళ్ళండి. కాలవలు కట్టేసేరు కదండీ ఆ ఏడు. చెరువుల దారిలో బోరు నీళ్ళు పోసేనండి. కాలవ నీళ్ళని మీతో అబద్ధమాడేను."

ఇన్నాళ్ళూ బండలా మోసిన మాట, చెప్పేస్తే ఇంతేనా అన్నట్టు అయిపోయింది. బంగారరాజుగారు కొడతారనుకున్నాడు. ఆయన కొట్టలేదు. గుమ్మం బయట కుర్చీల్లో కూర్చున్న తనవాళ్ళను ఒక్కొక్కరినే చూశారు. అరిస్తే అందరూ ఒక్కసారి లేస్తారు, లేచి తోసుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

బంగారరాజుగారు గుమ్మంలో నించుని మామూలు గొంతుతో అన్నారు. "శర్బత్ లోపల ఇత్తన్నారండి. చివరోళ్ళు కాదు, గుమ్మం పక్కనోళ్ళు ముందు రండి. నెమ్మదిగా. గ్లాసులు తక్కువున్నాయి, ఒక్కొక్కరే రండి." ఆయన మెడ మీద చెమట కారుతోంది. సుందరిగారు ఆయన మొహం చూసి పళ్ళెం పక్కన పెట్టేసి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లోపలికి పంపడం మొదలుపెట్టారు.

ఒకరు, ఇద్దరు, అయిదుగురు. కొందరు వచ్చారు. కొందరు, శర్బతెవరికి కావాలి, వాహనం వచ్చేత్తందన్నారు. వాళ్ళను సుందరిగారు బతిమాలారు. పది నిమిషాలు పట్టింది. వీరన్నకు అది పదేళ్ళ కంటే పొడుగనిపించింది. ప్రతి అడుగుకూ ఆయన గచ్చు వంక చూస్తున్నాడు. పగులు వెడల్పవుతోందా, తన కళ్ళు చెమర్చి అలా కనిపిస్తోందా తెలియలేదు.

అందరూ వచ్చాక చిట్టచివరి మూల ఒక్క కుర్చీ మిగిలింది. అందులో బంగారరాజుగారి తల్లి లోవమ్మగారు. ఎనభై దాటిన మనిషి, చెవులు వినపడవు. పిట్టగోడ మీద గడ్డం ఆనించి కిందికి చూస్తోంది. వాహనం మలుపు తిరిగింది. కత్తులు ఎండకు తళతళమంటున్నాయి. ఎవరు పిలిచినా ఆవిడ వెనక్కి తిరగదు.

బంగారరాజుగారు కాలు బయట పెట్టబోయారు. వీరన్న ఆయన రెక్క పట్టుకున్నాడు.

"మీరు నాకంటే బరువండి. నేనెళ్తాను" అన్నాడు.

వేసిన మొదటి అడుగుతో ఇరవయ్యేళ్ళు మీద పడ్డట్టయింది. పిట్టగోడ పక్కగా కాదు, ఇంటి గోడ వారగా నడవాలి. ఎక్కడ నడిచినా ప్రమాదమే, అయినా అలా లెక్క వేసుకున్నాడు. భుజం మీద చెయ్యి వేస్తే లోవమ్మగారు చూసి బోసినోటితో నవ్వి, చూడమన్నట్టు కిందికి చూపించింది. వీరన్న చూడలేదు. ఆవిడను రెండు చేతులా ఎత్తుకున్నాడు. కొబ్బరి మట్టంత తేలిగ్గా ఉంది. ఆవిడ కోపంతో వీపు మీద గుద్దుతూనే ఉంది. గుమ్మం దాటి లోపల దించాడు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. బంగారరాజుగారు పంపిన కబురందుకుని నతానియేలుగారు కింద తాడు కట్టించి రోడ్డు సగం ఖాళీ చేయించారు. వాహనం కాంప్లెక్సు ముందు ఆగకుండా అవతలి వైపునుంచి వెళ్ళిపోయింది. బాల్కనీ పడలేదు. పెచ్చు కూడా రాలలేదు. పడనందుకు జనం విసుక్కున్నారు. పండగంతా పాడుచేసేడని, ఇన్నేళ్ళకు బంగారరాజుగారి ఇంటి ముందు వాహనం ఆగకుండా పోయిందని, ముసలి మేస్త్రికి మతి తప్పిందని తలా ఒక మాట అన్నారు. పడి ఉంటే ఏమయ్యేదో వాళ్ళకు చెప్పే ఓపిక వీరన్నకు లేదు.

కింద మెట్ల దగ్గర నతానియేలుగారు అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నారు. వీరన్న జేబులోంచి తీసిచ్చిన పొద్దుటి కాగితమే. వీరన్న చెబుతుంటే ఈసారి ఆయనే రాసుకున్నారు. నీళ్ళు ఎక్కడివి, ఎన్ని రోజులు, ఏ బోరు, ఆ వేసవి చేతిలో ఎన్ని పనులు. వీరన్న కూతురు కుమారి తన ఆరేళ్ళ పిల్ల కావ్యతో పండగ చూడటానికి ఐనవిల్లి నుంచి వచ్చి, నాన్నను ఎవరో పట్టుకున్నారని విని గుంపులోంచి తోసుకుంటూ వచ్చింది. కావ్య వచ్చీరావడంతోనే తాత చూపుడువేలు పట్టుకుంది.

"ఇంకో ప్రశ్నండి. ఆ వేసవిలో ఆ ట్యాంకరు నీళ్ళు ఇంకెక్కడెక్కడ పోసేరు?" అని నతానియేలుగారు అడిగారు.

వీరన్న కళ్ళు మూసుకున్నాడు. మోసుకు తిరగడానికి ఇంక ఓపిక లేదు. "తాతారావుగారి బియ్యం మిల్లు ముందు వరండాండి. కొత్తపేట రోడ్డులో డాక్టరుగారి మేడ మీద సన్‌షేడులండి" అన్నాడు.

"దీంతో కలిపి మూడయ్యేయి. నాలుగు పనులన్నారు కదండీ."

"నాలుగోది మీ కిందికి రాదండి. పంచాయతీలోదండి."

"రాకపోయినా చెప్పండి."

"ఐనవిల్లిలో మా అమ్మాయి ఇల్లండి. ముందు పోర్టికో."

 కుమారి వచ్చిందే ఇప్పుడు, విన్నది సగం. అక్కడున్నవాళ్ళ మొహాలు చూసి, తాడు చూసి, తలెత్తి తామర రేకుల బాల్కనీ చూసింది. అర్థమైంది.

"ఎప్పుడు తెలిసింది నాన్నా నీకు?"

"ఎనిమిది రోజులైందమ్మా."

"నాలుగు రోజుల కిందట దీని పుట్టినరోజు చేసేం కదా. ఆ పోర్టికో కిందే బల్లలేసేం. వీధిలో పిల్లలందరూ అక్కడే కూచున్నారు."

"ఆయ్."

"నువ్వొచ్చేవు. లోపల కూచోమంటే వద్దన్నావు. పిల్లల మధ్య ఆకేయించుకుని కూచున్నావు."

"పడితే నా మీద కూడా పడాలని కూచున్నానమ్మా" అన్నాడు వీరన్న.

నతానియేలుగారు రాయడం ఆపేశారు.  కుమారి వంగి, తండ్రి వేలిని పట్టుకున్న పిల్ల చేతిని నెమ్మదిగా విడదీసి తన చేతిలోకి తీసుకుంది.

"పిల్లల్ని లేపి లోపలికి పంపలేకపోయేవా నాన్నా" అని మాత్రం అంది.